నీలిమందు పూసిన తాబేలు

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో మా వీధి పిల్లలంతా బడి వదలగానే పక్కింటికే పరుగెత్తేవాళ్ళు. మా అరుగు బోసిపోయేది. దానికి కారణం పక్కింటి అక్క దగ్గరున్న తాబేలు. వాళ్ళ నాయన ముద్దనూరు దగ్గర చేను దున్నించడానికి పోయినప్పుడు గట్టు పక్కన కనబడిందని తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. నల్లటి చిప్ప మీద పసుపుపచ్చని గీతలు, నక్షత్రాలు గీసినట్టు ఉండేవి. అలాంటి తాబేలును ఇంట్లో పెట్టుకోవడం నేరమని ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పుడు మా వీధిలో ఎవరికీ తెలియదు. లక్ష్మి నడిచి వచ్చింది అన్నారు.

ఆ లక్ష్మి మా గడప తొక్కకుండా పక్కింటికి ఎందుకు పోవాలని నాకు ఒకటే ఏడుపు. మా నాయన కూడా ముద్దనూరు పోయి వస్తూనే ఉండేవాడు. ఆయనకు దారిలో బొరుగుల పొట్లం తప్ప ఏమీ దొరికేది కాదు. పక్కింటి అక్క జడ నాకంటే పొడుగు, లెక్కలు నాకంటే బాగా వచ్చు. అవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను గానీ తాబేలును మాత్రం ఓర్చుకోలేకపోయాను.

పైగా అక్క వీధిలో అందరి చేతికీ దాన్ని ఇచ్చేది, నాకు తప్ప. తాబేలు వచ్చిన మొదటి రోజు నేను కుళ్ళు ఆపుకోలేక, ఇది ఉత్త రాయి మాదిరి ఉంది అన్నాను. ఆ మాట పట్టుకుని కూర్చుంది. నేను చేయి చాపితే చాలు, "నీకు రాయి మాదిరి కనపడ్తాంది కదా, పోయి రాయినే ఎత్తుకోపో" అని వెనక్కి తీసుకునేది. అందుకని నేను రెండిళ్ళ మధ్య గోడకు గడ్డం ఆనించి చూస్తూ ఉండేదాన్ని. పిల్లలు దాని వీపు నిమరడం, దానికి ముద్దులు పెట్టడం, అదే చేత్తో బొరుగులు తినడం అన్నీ చూసేదాన్ని. గోడకు ఇవతల నేను గడిపిన ఆ సాయంత్రాలు ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

వాళ్ళమ్మను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆమె ప్రతి శుక్రవారం తాబేలును ఇత్తడి పళ్ళెంలో పెట్టి నీళ్ళు పోసి, పసుపు కుంకుమ పెట్టి, కూర్మస్వామి అని దండం పెట్టేది. ఆ కడిగిన నీళ్ళను తీర్థంగా అందరికీ ఉద్ధరిణెతో పోసేది. తాకనివ్వని తాబేలు నీళ్ళు నాకెందుకని రోషంతో నేను పోయేదాన్ని కాదు. ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత పుట్టిన మగబిడ్డ అప్పుడే పాకుతున్నాడు. బుడ్డోడు అనేవాళ్ళం. వాడూ తాబేలూ ఒకే బండల మీద పాకుతుంటే, వాడు దాని చిప్పను నోటితో చప్పరిస్తుంటే, ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయేవాళ్ళు.

ఉన్నట్టుండి బుడ్డోడికి జ్వరం పట్టుకుంది. భేదులు మొదలయ్యాయి. ఊళ్ళో డాక్టరు ఇచ్చిన మందుకు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టేది. బూరెల్లాంటి బుగ్గలు పీక్కుపోయాయి. పెద్దమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదట. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని మా వైపు లెక్క. ఆమె వీధిలోకి వచ్చి, "ఎవురి కండ్లో పడినాయి నా బిడ్డ మీద. పొద్దస్తమానం గోడెక్కి చూస్తాంటే పడకుండా యాడికి పోతాయి" అని నన్నే చూస్తూ అంది.

నేను దాన్ని నమ్మేశాను. ఎందుకంటే ఆ ఇంటికి ఏదైనా చెడు జరిగితే బాగుండునని మనసులో అనుకున్నది నేనే. ఆ రోజు నుంచి ఆ గోడ దగ్గరికి పోలేదు. బడికి పోయేటప్పుడు కూడా ఆ వాకిలి దాటేదాకా కళ్ళు మూసుకుని నడిచేదాన్ని. పక్కింట్లో మాత్రం దిష్టి పోవాలని తాబేలును బుడ్డోడి చుట్టూ తిప్పి, పొద్దునా సాయంత్రం ఆ తీర్థమే వాడి నోట్లో పోస్తున్నారు. వాడు రోజురోజుకూ వాలిపోతున్నాడు.

ఆ సమయంలోనే మా చిన్నమ్మ సెలవు పెట్టి వచ్చింది. ఆమె ప్రొద్దుటూరులో నర్సు. నేను అన్నం ముట్టకపోతే పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "నా కండ్లకు ఏమన్నా మందుందా చిన్నమ్మా? లేకుంటే బుడ్డోడు సచ్చిపోతాడు" అని ఏడ్చాను. ఆమె నవ్వలేదు. నెమ్మదిగా ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. తీర్థం మాట రాగానే చేతిలో కంచం పక్కన పెట్టి పక్కింటికి పోయింది. పెద్దమ్మను ఎలా ఒప్పించిందో తెలియదు, ఆ పూటే తల్లినీ బిడ్డనూ వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్పించింది. అక్కడ సెలైన్లు ఎక్కించి, పరీక్షలు చేసి, ఇది తాబేళ్ళ దగ్గర ఉండే క్రిమి అని చెప్పి వైద్యం చేశారట. బుడ్డోడు బతికి బట్టకట్టాడు.

కానీ పెద్దమ్మ క్రిమి మాట చెవిన పెట్టలేదు. నా కళ్ళకు దూరంగా ఉన్నందువల్లే బిడ్డ కోలుకున్నాడని ఆమె నమ్మకం. ఇంటికి వస్తూనే మళ్ళీ శుక్రవారం తీర్థానికి పళ్ళెం తోముకుంది. నేరుగా చెబితే మాకు తాబేలు లేదని కుళ్ళుకుంటున్నామంటుంది. నా మట్టుకు అది నిజమే కూడా. అందుకని చిన్నమ్మ వాదన పెట్టుకోలేదు. శుక్రవారం పొద్దున, "బుడ్డోణ్ణి ఈ పొద్దు నా కాడ ఉంచుకుంటానక్కా, నువ్వు పని చూసుకో" అని వాణ్ణి మా ఇంటికి తెచ్చింది. పూజ అయ్యాక తాబేలును తుడిచే నెపంతో, దాని కడుపు కింద, చిప్ప అంచుల సందుల్లో తెల్లబట్టలకు వాడే నీలిమందు పొడి రుద్దింది. అది ఎవరి కంటా పడలేదు.

సాయంత్రం పిల్లలను, పెద్దమ్మను వాకిట్లోకి పిలిచి చేతులు చాపమంది. అక్క అరచేతులు నీలం. ఆమె పెదవుల మీద నీలం. పిల్లల వేళ్ళు, బొరుగుల గిన్నె, మంచినీళ్ళ కుండ మూత, అన్నిటి మీదా నీలం. బుడ్డోడు రోజంతా ఆ ఇంట్లోనే లేడు, అయినా వాడి పాలగిన్నెకూ ఉయ్యాల గుడ్డకూ నీలం మరకలు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటే చెంప కూడా నీలమైంది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు చిన్నమ్మ నన్ను పిలిచింది. నేను చేతులు వెనక దాచుకున్నాను. ఆమె లాగి అందరి ముందూ తిప్పి చూపింది. బలపం దుమ్ము తప్ప నీలం చుక్క లేదు. "ఈ పాప ఒక్కటే దాన్ని తాకలేదక్కా. కండ్లతో చూస్తే జబ్బు రాదు. చేతులెమ్మడి వస్తాది" అంది. తాబేలు కడుపులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుందని, తాబేలుకు దానివల్ల ఏ జబ్బూ ఉండదని, పెంటలోంచి చిప్పకు, చిప్ప నుంచి చేతికి, చేతి నుంచి నోటికి చేరుతుందని చెప్పింది. తాబేలైనా బల్లైనా తొండైనా అంతేనంది. పెద్దవాళ్ళకు కడుపునొప్పితో పోయేది పసిబిడ్డలకు ప్రాణం మీదికి వస్తుందంది. పెద్దమ్మ అప్పటికీ స్వామి అని ఏదో గొణిగింది. చిన్నమ్మ ఇత్తడి పళ్ళెంలో తాబేలును పెట్టి నీళ్ళు పోసింది. పళ్ళెం నిండా నీలం దిగింది. ఉద్ధరిణె ఆమె చేతిలో పెట్టి, "బుడ్డోని నోట్లో పోస్తావా అక్కా?" అని మెల్లగా అడిగింది.

 పెద్దమ్మ నీళ్ళు అక్కడే పారబోసి, మా గడప మీద కూర్చున్న బిడ్డ కోసం చేతులు చాపి, తన అరచేతులు చూసుకుని ఆగిపోయింది. వాకిట్లో నీలం లేనివి నా చేతులే. ఆమె నా దగ్గరికి వచ్చి, "నువ్వు ఎత్తుకో తల్లీ" అంది. చిన్నమ్మ తన చేతులు కడుక్కుని, నా చేతుల మీది బలపం దుమ్ము కూడా సబ్బుతో కడిగి బుడ్డోణ్ణి నా ఒళ్ళో పెట్టింది. మిగతావాళ్ళంతా సబ్బు దగ్గర వరస కట్టారు. ఆ వరసలో నుంచి అక్క నన్ను చూసిన చూపు నాకు కొత్త కాదు. గోడకు గడ్డం ఆనించి నేను చూసిన చూపే అది.

తాబేలును వాళ్ళ నాయన ముద్దనూరు తీసుకుపోయి దొరికిన గట్టు దగ్గరే వదిలి వచ్చాడు. నేను దాన్ని ఒక్కసారి కూడా తాకలేదు.

అక్క ఇప్పుడు పులివెందులలో ఉంటుంది. మొన్న పోతే, మనవడి కోసమని కొడుకు అంగట్లో కొని తెచ్చిన విదేశీ తాబేలు పిల్ల, ఇంట్లో పెంచుకోనిచ్చే రకం, ఒక గాజు తొట్టిలో ఉంది. తొట్టిని వంటింటికి దూరంగా, చంటిపిల్లలకు అందనంత ఎత్తులో పెట్టి, పక్కనే సబ్బు పెట్టించింది అక్క. "ఇప్పుడన్నా ముట్టుకోబ్బా" అంది నవ్వుతూ. వేలితో తాకాను. అచ్చం రాయి మాదిరే ఉంది. ఆ మాట మాత్రం అనలేదు.

ఇద్దరం పక్కపక్కనే నిలబడి సబ్బుతో చేతులు కడుక్కున్నాం. ఆమె ఇల్లు మా ఇంటికంటే పెద్దది, గాజులు నా గాజులకంటే బరువైనవి, జడ ఇప్పటికీ నా జడకంటే పొడుగు. పాత ఏడుపు మళ్ళీ వచ్చింది. అలా వచ్చినప్పుడల్లా నా రెండు చేతులూ తిప్పి చూసుకోవడం ఆ శుక్రవారం నుంచి నాకు అలవాటు. చూసుకున్నాను. శుభ్రంగా ఉన్నాయి. ఇక భయం లేకుండా, కడుపారా కుళ్ళుకున్నాను.