అమ్మ కోసం మార్చిన బ్రీదర్ పైపు

ఈ ఉదయం బత్తలపల్లె రోడ్డు పక్క షెడ్డులో ఒక పాత కారు బానెట్ ఎత్తి ఉంది. కాగిన ఇంజన్ ఆయిల్ వాసన తగలగానే నిలబడిపోయాను. మన వయసువాళ్లకు ఆ వాసన గుర్తుండే ఉంటుంది.

నా చిన్నప్పుడు నాయన బాడుగకు తిప్పిన కారులో ఊరంతా ఎక్కింది, అమ్మ తప్ప. ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరి బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. మా కారుకు అది పొట్టిది, ఆవిరంతా సీట్ల దగ్గరికే వచ్చేది. ఆ వాసనకు అమ్మకు వాంతులు. కంబదూరులో పుట్టింటికి బస్సులోనే పోయేది. నాయనకు అది చిన్నతనంగా ఉండేది.

ఒకసారి ఆయన పైపు మూతిలో గుడ్డ కుక్కి గట్టిగా కట్టేశాడు. ఊరు దాటకముందే లోపలి ఒత్తిడికి ఆయిల్ కొలిచే కడ్డీ పైకి లేచి, బానెట్ కిందంతా ఆయిల్ చిమ్మింది.

"దాని నోరు మూస్తే ఊరుకుంటాదా? నా నోరు మూయించినట్ల అనుకొంటివా?" అని ఆ సంగతి విని అమ్మ నవ్వింది.

ఈసారి ఏం చేయాలో నాయన ఎవరినీ అడగలేదు. పొడవైన రబ్బరు పైపు తెచ్చి, ఎక్కడా నలగకుండా కారు వెనక దాకా తీసుకుపోయాడు. ఆవిరి చల్లబడి కారే ఆయిల్‌ పట్టడానికి మధ్యలో ఒక డబ్బా అమర్చాడు.

ఆ ఆదివారం కంబదూరుకు బయల్దేరుతూ అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ముందు సీటులో కూర్చుంది. నేను వెనక ఉన్నాను. కళ్యాణదుర్గం దాటాక కొంగు తీసింది.

"వాసన వస్తాండాదా?" అన్నాడు నాయన.

"వస్తాండాది."

నాయన ముఖం వాడిపోయింది. కారు పక్కకు తీయబోయాడు.

"కార్లో కాదప్పా, నీ చొక్కాలో," అంటూ అమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది.