బానెట్ మీద మంచినీళ్ళ గ్లాసు

గుమ్మంలో కారుంటే ఆ ఇంటివాళ్ళు కలిగినవాళ్ళని ఊరంతా అనుకునే రోజులవి. మైలవరం సంబంధం అనగానే మా నాన్న పొలమెంత అని కూడా అడగలేదు, కారుందని విని తలూపేశాడు. కాపురానికి వచ్చాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. ఆ కారు మా అత్తవారిని పోషించడం లేదు, అత్తవారే దాన్ని పోషిస్తున్నారు. మా మామగారు బెజవాడ వన్ టౌన్‌లో ఎవరో వాడి వదిలేస్తే కొని, నల్లరంగు వేయించి, పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ ఆసుపత్రులకీ కిరాయికి తిప్పేవారు. బండి తీసేముందు ఆయనకో పద్ధతి ఉండేది. ఇంజను స్టార్ట్ చేసి, స్లోలో వదిలేసి, బానెట్ మీద స్టీలు గ్లాసుతో నిండా మంచినీళ్ళు పెట్టేవారు. చుక్క ఒలక్కపోతే బండి కదిలేది. ఒలికిందో, పెళ్ళికొడుకైనా సరే గుమ్మంలో నిలబడాల్సిందే. ఆ గ్లాసు నింపి తేవడం కొత్తకోడలిగా నాకొచ్చిన మొదటి ఉద్యోగం. (మూడో తరగతి చదువుకి అంతకన్నా పెద్ద ఉద్యోగం ఎవరిస్తారులెండి.)

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మామగారికి కాళ్ళు నీరు పట్టాయి. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే ఓపిక లేదు. సరిగ్గా అప్పుడే కారుకీ జబ్బు చేసింది. రోడ్డు మీద పరిగెత్తించినంతసేపూ బాగానే ఉండేది, యాక్సిలేటర్ మీంచి కాలు తీసి స్లోలో పెడితే చాలు, చలిజ్వరం వచ్చినదానిలా గడగడా వణికి ఆగిపోయేది. ఆగితే మళ్ళీ హ్యాండిలు తిప్పి తిప్పి మా ఆయన భుజం పడిపోయేది. ఒకరోజు పొద్దున్నే మా ఊరి డాక్టరుగారు వచ్చి, మామగారి గుండె మీద గొట్టం పెట్టి చూసి, మా ఆయన్ని పక్కకి పిలిచి, సాయంత్రంలోగా బెజవాడ పెద్దాసుపత్రికి చేర్చకపోతే తన చేతుల్లో ఏమీ లేదని చెప్పి వెళ్ళారు. గోడ అవతల చెప్పినా మామగారికి వినబడింది. ఇంజను చప్పుడులో తేడా వీధి చివరనుంచి పట్టే చెవులు మరి.

"గ్లాసు పెట్టండి" అన్నారు.

పెట్టాం. గ్లాసు బానెట్ మీద నుంచి జారి వరండా మెట్లదాకా దొర్లింది.

"నేనెక్కను" అన్నారు మామగారు.

"బస్సులో పోదామండీ" అంది మా అత్తగారు.

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సెక్కిన పీనుగని చెప్పుకుంటారే."

"పీనుగెవరండీ, నోరు మంచిదైతే కదా."

"కొండపల్లి దగ్గర రైలుగేటు పడుద్ది. అక్కడ ఇది ఆగిపోద్ది. వీడు హ్యాండిలు తిప్పుతుంటే నేను ఆ గేటు దగ్గర ఎండలో పోవాలా? పోతే నా మంచం మీదే పోతాను."

అందులో తప్పు పట్టడానికేం లేదు. మంచాన్ని వరండాలోకి లాగి, కారుని ఎదురుగా పెట్టి, మా ఆయన చొక్కా విప్పి దిగాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి రోగి ఎవరో తేల్చుకోవడం కష్టమైంది. పక్కింటి సోడాల బాబాయి ఇద్దరినీ ఒకే చూపు చూసి, "రెండూ లోపల మడ్డి కట్టినయ్యే. ఆయనకి ఆముదం పట్టించండి, దీనికి కిరసనాయిలు పట్టించండి, పొద్దుగూకేలోపు ఇద్దరూ లేస్తారు" అన్నాడు. మా అత్తగారు ఆయన వంక చూసిన చూపుకి ఆయన మళ్ళీ సోడా కొట్టువైపు నడిచాడు. తర్వాత చర్చి అయ్యగారొచ్చారు. మంచం దగ్గర మోకాళ్ళూనబోతుంటే మామగారు ఆపారు.

"నాకు తర్వాతండీ అయ్యగారూ. ముందు దానికి చెయ్యండి."

"వాహనానికెలా చేస్తామండీ?"

"అది లేస్తేనే కదండీ నేను ఆసుపత్రికెళ్ళేది."

అయ్యగారు పాపం మంచి మనిషి. వెళ్ళి బానెట్ మీద చెయ్యేసి కళ్ళు మూసుకున్నారు. మా ఆయన అప్పుడే స్టార్ట్ చేసిన ఇంజను వణుకుడికి ఆయన చెయ్యి వణికి, గొంతు వణికి, ప్రార్థనంతా మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. ఆమెన్ అనేసరికి ఇంజను ఆగిపోయింది. నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. తిరిగి చూద్దును కదా, మామగారి పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగి ఉన్నాయి. ఆ నవ్వు అక్కడే చచ్చిపోయింది.

మా ఆయన ప్లగ్గులు విప్పి గీకి బిగించాడు. మళ్ళీ స్టార్ట్ చేసి, ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూశాడు. ఏ వైరు పీకినా చప్పుడు ఇంకా కుంటుపడుతోంది. మామగారు కళ్ళు మూసుకునే, మాటమాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పారు. "నాలుగూ పనిచేస్తున్నయ్యిరా. దాని రోగం అది కాదు. ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. నువ్వు యాక్సిలేటర్ దగ్గర కూర్చో. అమ్మాయ్, నువ్వు గరిటెతో నీళ్ళు తీసుకెళ్ళి కార్బరేటర్ అడుగున చుట్టూ పొయ్యి. సన్నంగా, ముగ్గు వేసినట్టు."

పోశాను. ముందువైపు పోస్తే ఏమీ లేదు. వెనకవైపు పోసేసరికి ఆ నీళ్ళు కిందికి కారకుండా లోపలికి పోయాయి. వణుకు ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ మొదలైంది. "అదే" అన్నారు మామగారు. కార్బరేటర్ కింద ఉండే ప్యాకింగు చిరిగి, సందులోంచి గాలి తాగుతోందట. కొత్త ప్యాకింగు కావాలంటే బెజవాడ గవర్నర్‌పేట వెళ్ళాలి. అక్కడిదాకా వెళ్ళగలిగితే ఈ గొడవంతా ఎందుకు? మా ఆయన స్పానరు కింద పడేసి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మనిషి ఏడవడం నేను చూడ్డం అదే మొదలు.

నాకు బండ్ల సంగతి తెలియదు, సందుల సంగతి తెలుసు. మా పుట్టింట్లో నీళ్ళు కాచే కాగుకి సన్నచిల్లి పడితే, మా అమ్మ పాతగుడ్డకి మినప్పిండి పట్టించి అతికేసేది. పొయ్యి సెగకి అది రాయిలా బిగిసేది. ఆ పొద్దున గారెలకని రుబ్బి, ఈ గొడవలో వదిలేసిన పిండి వంటింట్లో అలాగే ఉంది. తెచ్చాను. "ఇంజనులో పిండి వంటేంటే" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది. మామగారు మాత్రం "పెట్టనివ్వవే" అన్నారు. నా మంగళగిరి చీర అంచు చింపి, పిండిలో ముంచి, ఆ వేడి ఇనుము చుట్టూ చుట్టి, పైన ఇంకో పూత మెత్తాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆరనిచ్చి, మా ఆయన హ్యాండిలు తిప్పాడు. నేను గ్లాసు నింపి బానెట్ మీద పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాను.

నీళ్ళ మీద సన్నటి సుడి తిరిగింది. అంచుదాకా వచ్చింది, ఒలకలేదు. మామగారు చాలాసేపు చూశారు. "ఇటు తే" అని ఆ గ్లాసే అందుకుని, పొద్దుట్నుంచీ చుక్క ముట్టని మనిషి, సగం తాగి, మా ఆయన భుజం పట్టుకుని లేచారు.

కొండపల్లి గేటు ఆయన చెప్పినట్టే పడింది. గూడ్సుబండి వస్తోంది, ఎంతకీ తెగదు. వెనక సీట్లో అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని ఆయన, ముందు సీట్లో నేను. ఇంజను స్లోలో ఉంది, వణకలేదు. సెగకి పిండి కాలి కమ్మటి వాసన మొదలైంది. పక్కన ఆగిన బస్సులోంచి తలలు బయటికొచ్చాయి. "ఎక్కడయ్యా గారెలు?" అని ఎవరో అడిగారు. మామగారు కళ్ళు తెరవకుండానే అన్నారు, "ఏం అమ్మాయ్, ఇంక తిరగేస్తావా, మాడనిస్తావా?"

నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. ఆసుపత్రిలో ఆ వారం దాటలేదు. అదే కారులో తీసుకొచ్చాం. ప్యాకింగు మార్పిద్దామంటే అత్తగారు ఒప్పుకోలేదు, "ఆయన సరేనన్న బండి, అలాగే రానివ్వండి" అంది. అదే గేటు మళ్ళీ పడింది. ఇంజను చక్కగా నిలబడింది. వెళ్ళేటప్పుడు ఆ గేటు దగ్గర ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల బొబ్బలెక్కిన వేళ్ళు ఊదుకుంటూ, ఇది నిలబడింది కనక మామగారూ నిలబడతారని ఎంత గట్టిగా నమ్మిందో తలుచుకుంటే, దాని తల నిమరాలనిపిస్తుంది.

ఇప్పుడు మా మనవడు టర్బో ఇంజను కారు కొన్నాడు. ఎక్కేముందు నేను గ్లాసుతో నీళ్ళు తెస్తే, "నానమ్మా, ఇది వణకదు, అసలు గేటు దగ్గర ఆపితే ఇంజను దానంతటదే ఆగిపోద్ది, మళ్ళీ దానంతటదే లేస్తది" అంటాడు. తెలుసురా అంటాను. అయినా బానెట్ మీద పెట్టి కాసేపు చూస్తాను. ఒలకదు. ఆ నీళ్ళు సగం తాగి, మిగతా సగం గుమ్మం పక్క మొక్కకి పోసి, అప్పుడు ఎక్కుతాను.