పైపు వంపుకు అతికించిన కాలు

కొత్తకోట బస్టాండులో చాయ్ కప్పు ఏటేటా చిన్నదవుతోంది. ఈసారి రెండు వేళ్లతో పట్టుకుంటే మూడో వేలికి జాగా లేదు. ఇట్లాగే పోతే కొన్నాళ్లకు వాసన చూపించి పంపించేస్తారు.

ఆ గుక్కెడు తాగి చేనుకు వెళ్లాను. బావి దగ్గర మోటారు పైపు రెండోసారి పగిలింది. పల్లికి ఊడలు దిగే సమయం, నాలుగు రోజులుగా తడి లేదు. ఇంకో రెండు రోజులు ఇట్లాగే ఉంటే కాయ మీద ఆశ వదులుకోవాల్సిందే. మొదటిసారి పగిలినప్పుడు బాపు నాకు చెప్పకుండా మాటు వేయించుకున్నాడు. ఈసారి అమ్మ ఫోన్ చేసింది.

పైపులు ఎక్కడ పగులుతాయో ముందే లెక్కగట్టి చెప్పడం హైదరాబాదులో నా ఉద్యోగం. మోటారు వేసినప్పుడల్లా పైపు ఎగురుతోందని, వంపు కింద ఒక ఇనుప కాలు అతికిస్తే అది ఆగుతుందా అని, మొదటిసారి పగలకముందే బాపు ఫోన్లో అడిగాడు. తిన్నని పైపుకు వాడే సూత్రంతో పది నిమిషాల్లో చూసి, "పెట్టియ్యి బాపు, ఏం కాదు" అన్నాను.

వంపుకు లెక్క వేరు. బరువు పడితే దాని గుండ్రటి ఒళ్లు నొక్కుకుని కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. కాలు అతికిన చోట మాత్రం దానికి కదిలే వీలుండదు. ఒత్తిడంతా ఆ అతుకు అంచున పోగవుతుంది. ఎంత పోగవుతుందో తేల్చడం సగం రోజు పని. ఆ రోజు నాకు సగం రోజు దొరకలేదు.

బావి గడ్డ మీద బాపు, వెల్డింగు మేస్త్రీ, పక్క చేను పెద్దమనిషి నిలబడి ఉన్నారు. పెద్దమనిషి ఆగలేకపోయాడు.

"ఏందే, నీ కొడుకు లెక్క తప్పిందా?"

"లెక్క పక్కాగుంది. అతికిచ్చుడే సక్కగ లేదు," అన్నాడు బాపు.

మేస్త్రీ తన అతుకును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కన పైపే చిరిగింది. నేను మోటారును చాలా శ్రద్ధగా పరిశీలించాను.

మధ్యాహ్నం దాకా మోటారు గది నీడన కూర్చుని, వంపు లెక్కను వంపు లెక్కలాగే చేశాను. కాలుకూ వంపుకూ నడుమ, వంపు ఒంటికి సరిగ్గా కూర్చునేలా వంచిన మందపాటి రేకు ఉండాలి. దాని మూలలు గుండ్రంగా కోయాలి. అప్పుడు భారం పరుచుకుంటుంది. సద్దిగంప దించుతున్న అమ్మకు ఇదే చెప్పాను. ఆమె నెత్తి మీది సుట్టబట్ట తీసి దులిపింది.

"గిది లేకుంట గంప ఎత్తుకుంటే నెత్తి కమిలిపోదా? గీ ముచ్చటకు పొద్దుగాల్నుంచి లెక్కలు జేస్తున్నవా?"

మేస్త్రీ కొత్త వంపు బిగించి, రేకు అతికించి, కాలును రేకు మీద నిలిపాడు. బాపు మోటారు వేసి, జ్వరం చూసినట్టు వంపు మీద అరచెయ్యి పెట్టాడు. నీళ్లు సాళ్లలోకి పోయినంతసేపూ తియ్యలేదు.

మేస్త్రీ సామాను సర్దుకుంటుంటే, ఆయనకూ వినపడేలా అన్నాను.

"బాపు, తప్పు అతుకుది కాదు. నా లెక్కదే."

బాపు చెయ్యి తియ్యకుండానే అన్నాడు.

"ఆ కాలు ఆగదని నాకు ఆనాడే ఎరుక. నువ్వు జెప్పినవని పెట్టిచ్చిన."