ఆఖరి బెంచీ ఒప్పుకుంటేనే

ఆ బడిలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. తోటి టీచర్లకూ, పిల్లల తల్లులకూ ఆమె ఆఖరి బెంచీ టీచరమ్మ. పాఠం చెప్పడం కాగానే వెనక కూర్చున్న బిడ్డను బోర్డు దగ్గరికి పిలిచి, సుద్దముక్క చేతికిచ్చి, "ఇప్పుడు నువ్వు చెప్పు, నేను వింటాను" అంటుంది. ఆ బిడ్డ చెప్పగలిగితేనే పాఠం అయినట్టు. లేదంటే మర్నాడు మళ్లీ మొదటికే. చిన్నప్పుడు తనదీ ఆఖరి బెంచీయే. ఏడో తరగతిలో లెక్కలు తప్పింది. అంతదాకా ఆమెను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పినా ఆ కోపం చల్లారలేదు.

అలాంటి మనిషి నెత్తిన కంపెనీ వచ్చి పడింది. బళ్లు నడపడం తన వల్ల కాదని ప్రభుత్వం వాటిని ఒక విదేశీ కంపెనీకి అప్పగించింది. టీచర్లంతా ఏడాది ఒప్పందం మీద పనిచేసే కంపెనీ మనుషులైపోయారు. చేతికో ట్యాబ్ ఇచ్చారు. సముద్రాల అవతల తయారైన పాఠం అందులో వస్తుంది. అదే రోజు ఐదు దేశాల్లో అదే పాఠం. నలభై నిమిషాలకు తెరమీద 'పూర్తయింది' అని ఒక బటన్ వెలుగుతుంది. దాన్ని నొక్కాలి. 'అర్థం కాలేదు' అనే బటన్ కోసం ఆమె తెరంతా గాలించింది. లేదు.

నొక్కలేదు. భిన్నాల దగ్గరే బండి ఆగిపోయింది. మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదని ఆఖరి బెంచీలో దర్జీ కూతురు భీష్మించుకు కూర్చుంది. "మూడు కంటే నాలుగు పెద్దది కదా టీచర్!" అంటుంది, పైగా టీచర్ని చూసి జాలిపడుతూ.

బటన్ నొక్కకపోవడంతో ఆ నెల పాఠాలు తొమ్మిదీ తెరమీద ఎర్రబడేసరికి కంపెనీ పర్యవేక్షకుడు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు.

"మేడమ్, పిల్లలకి వచ్చిందా రాలేదా అని మిమ్మల్నెవరూ అడగట్లేదు. నొక్కండి చాలు. నెలాఖరుకి అన్నీ పచ్చగా లేకపోతే మీ ఒప్పందం పొడిగించరు."

"అడగట్లేదనే కదా బాబూ నా బాధ. రా, ఆ వెనకపిల్లని నువ్వే ఒక్క మాట అడుగు."

అతను గడియారం చూసుకున్నాడు. "ఇంకా ఆరు బళ్లు తిరగాలండీ."

ఇంట్లో అత్తగారు అంతా విని, "నొక్కేస్తే నీ వేలేమైనా అరిగిపోతుందా?" అంది.

"అరగదు అత్తయ్యా. ఆ పిల్ల మొహం ఎలా చూడను?"

"అయితే నొక్కకు. నా కొడుకు జీతంతో ఇల్లు గడవదా ఏం? కాకపోతే రోజంతా నీ మొహం నేను చూస్తూ కూర్చోవాలి, అదే నా బెంగ."

ఆమెకు భయం వేయలేదంటే అబద్ధం. నెలాఖరుకి పన్నెండు రోజులే ఉన్నాయి. తాడు ముడులేసి చూపించింది. కాగితాలు మడిచి చూపించింది. దర్జీ కూతురు తలూపేది గానీ బోర్డు దగ్గరికొచ్చి మళ్లీ నాలుగో వంతే పెద్దదని రాసేది.

చివరి రోజు ఆ పిల్ల పిలవకుండానే లేచొచ్చింది.

"టీచర్, గుడ్డ ఒకటే అనుకోండి. అందులో మూడు చొక్కాలు కుడితే ఒంటికి సరిపోతాయి. నాలుగు కుట్టామనుకోండి, చంకల దగ్గర పట్టేస్తాయి. మా అమ్మ తిట్లు తింటుంది. అంటే నాలుగో వంతే చిన్నది!"

టీచరమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యాబ్‌లో ఆ పాఠం తెరిచి పిల్ల ముందు పెట్టింది. "నువ్వే నొక్కు."

పిల్ల నొక్కింది. ఒకటి పచ్చబడింది. ఎనిమిది ఎర్రగానే ఉన్నాయి. ట్యాబ్ సంచిలో పెడుతూ ఆమె పిల్లలతో అంది: "రేపట్నించి ఇక్కడికి వేరే టీచరొస్తారు. మిగతా ఎనిమిదీ నేర్చుకోడానికి సోమవారం సాయంత్రం మా ఇంటికి రండి. చాపలేస్తాను."

"చాపలైతే ఆఖరున ఎవరు కూర్చుంటారు టీచర్?" అంది దర్జీ కూతురు.

"నేను. మీరంతా నాకు చెబుదురుగాని."