బండిలోంచి ఏది దించాలి

అమెరికాలో పడమటి నేలల వైపు బళ్లు కట్టుకుని వెళ్లిన కుటుంబాల గురించి ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఒక పాఠం ఉంది. ఏటా చెప్తాను. నెలల తరబడి ప్రయాణం, ఎద్దుల బండి, దారిలోనే వంట, దారిలోనే జ్వరాలు. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టిన పిల్లల్లో ఎద్దుల బండి ఎక్కినవాళ్లు ఎవరుంటారు? అందుకని బల్లలు పక్కకి జరిపించి, నేల మీద సుద్దముక్కతో పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గీసి, ఇదే మీ బండి అంటాను. వస్తువుల పేర్లు చీటీల మీద రాసి, జట్టుకొకరు వచ్చి అందులో పేర్చాలి. బయల్దేరాక వెనక్కి రావడం ఉండదు.

మా పిల్లలకి ప్రయాణమంటే ఓడే. ఒక ఏడాది ఓ జట్టు లైఫ్ జాకెట్లు పెట్టింది, ఇంకో జట్టు వాంతుల మాత్రలు. నేల మీద పోయే బండిరా నాయనా అని మొత్తుకున్నా తీయలేదు. ఆ పడమటి నేలల్లో ముందునుంచీ ఉన్నవాళ్లకి పుస్తకం రెండే వాక్యాలు ఇచ్చింది. వాళ్ల సంగతి నేనే మర్నాటికి పెట్టుకున్నాను.

ఆ తరగతిలోనే, బాంబూఫ్లాట్ నుంచి రోజూ ఫెర్రీలో చాతం దిగి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. చేపలు పట్టే ఇల్లు, తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. ఆమె వంతు వచ్చినప్పుడు బండిలో సగం చీటీల మీద వస్తువులే లేవు. పక్కింటి దీదీ పార్సిల్, బోటు భయ్యా పార్సిల్, ఇలా ఉన్నాయి. ఇది మా దీవుల అలవాటు. మెయిన్‌లాండ్‌కి ఎవరి టికెట్ ఖాయమైనా వీధివీధంతా తెలిసిపోతుంది. ఎండుచేపలో ఇంకొకటో పాత చీర ముక్కలో కుట్టి, చిరునామా రాసి తెచ్చిస్తారు. కాదనడం మర్యాద కాదు. తీసుకునేవాళ్లు ఇచ్చినవాళ్ల ఎదుటే ఆ చిరునామా పైకి చదవాలి. మా అమ్మయితే రెండుసార్లు చదివించేది.

ఆట మధ్యలో చప్పట్లు కొట్టి, "ఎద్దులు అలిసిపోయాయి, సగం దించేయండి" అంటాను. ఆ కుటుంబాలూ అలాగే దారి పొడవునా సామాను వదులుకుంటూ పోయాయి. ఆ అమ్మాయి తన బట్టలు దించింది, దుప్పటి దించింది, పుస్తకాలు దించింది. పార్సిళ్లు ముట్టుకోలేదు.

"ఎవరూ తెలియని చోటికి పోతున్నావు. అవి ఎవరికిస్తావు?" అన్నాను.

"వేరేవాళ్ల సామాన్ కదా మేడం. ఎలా దించేస్తాం?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె జట్టు మార్కుల కాగితం మీద ఎర్రసిరాతో తప్పు అని కొట్టేశాను.

గంట కొట్టాక నేల తుడుస్తుంటే వచ్చి నిలబడింది.

"మేడం, టీసీ కావాలి. శుక్రవారం జహాజ్‌కి అందరం తాత ఊరు వెళ్లిపోతన్నాం. మళ్లీ రాం. అక్కడ తెలుగు మీడియం అంట. నాకు తెలుగు చదవడం ఠీక్‌సే రాదు. ఆరులో కూర్చోబెడతారంట. అలా చెయ్యకుండా ఏటైనా రాసిస్తారా?"

రాసివ్వగలిగింది ఏమీ లేదు. టీసీలో ఎనిమిది అని వేస్తాం, అక్కడివాళ్లు ఏ క్లాసులో కూర్చోబెడతారో మా చేతిలో ఉండదు. ఆ మాటే చెప్పాను. పార్సిళ్ల గురించి అడిగితే, ఇంట్లో ఇప్పటికే చాలా వచ్చాయనీ, వాటికి జాగా కోసం అమ్మ తన బ్యాగు రెండుసార్లు ఖాళీ చేసిందనీ చెప్పింది. నాకు సిగ్గేసింది. ఆ అమ్మాయి ఆట ఆడలేదు, ఇంట్లో జరుగుతున్నదే బండిలో పెట్టింది.

లంబాలైన్‌లో మా ఇంటి అటక మీద, చిన్నప్పుడు నేను చర్చిలో తెలుగు అక్షరాలు దిద్దుకున్న పుస్తకాలు రెండు దొరికాయి. పాత చీర ముక్కలో కుట్టాను. టీసీ కోసం ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం చూసి, చిరునామా తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. జిల్లా, ఊరు ముందు రాసి, పేరు చివర రాశాను.

శుక్రవారం పొద్దున వాళ్లు చాతంలో ఫెర్రీ దిగేసరికి జెట్టీ దగ్గరున్నాను. తల్లి ఆటోలో మూటలు సర్దుతూ నా చేతిలో పొట్లం చూసింది. "ఇచ్చేయండి మేడం, జాగా ఉంది" అంది. ఆమె పక్కనే అమ్మాయి స్కూలు బ్యాగు ఖాళీగా అణిగిపోయి ఉంది. పొట్లం అమ్మాయి చేతికిచ్చి, చదవమన్నాను.

వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. జిల్లా పేరు దగ్గర చాలాసేపు పట్టింది. నేను అందించలేదు. ఊరు చదివింది. తర్వాత చివరి వరుస మొదలుపెట్టి, సగంలో ఆగి, నా వైపు చూసి, మిగతాది మనసులో చదువుకుంది.

ఆటో వైపు ఒకసారి తిరిగి చూసింది.

"మేడం, అమ్మకి చెప్పకండి" అంది గొంతు తగ్గించి. "నాదని తెలిస్తే దించేస్తాది."