దిగేటప్పుడే వణికే బండి

కారులో లాన్స్‌డౌన్ వెళ్లేవాళ్లు తెల్లవారకముందే ఢిల్లీ దాటడం మంచిది. శనివారం నాలుగున్నరకి ఢిల్లీ ద్వారకలోని మా ఇంట్లో బయల్దేరాను. మీరట్, బిజ్నోర్ మీదుగా కోట్‌ద్వార్ చేరేసరికి పది దాటింది. అక్కడితో మైదానం అయిపోయి ఘాట్ రోడ్డు మొదలవుతుంది. పైకి ఇంకో గంటన్నర.

నేను కొండల అందం చూడటానికి వెళ్లేవాణ్ని కాను. మా ఆవిడ సుజాత అక్కడి మిలిటరీ ఆసుపత్రిలో నర్సింగ్ ఆఫీసరు. నాది గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకోసారి కారేసుకుని వెళితే శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దుటిదాకా మాకు కాపురం. బస్సులు మారుతూ వెళితే అందులో సగం రోడ్డు మీదే పోతుంది.

ఇప్పుడు ఆ కారుకే ఏదో పట్టుకుంది. రెండు నెలలుగా, తిరిగొచ్చేటప్పుడు ఘాట్ సగం దిగాక బ్రేకు తొక్కితే స్టీరింగ్ గడగడ వణుకుతోంది. ద్వారక మెకానిక్ నడిపి చూసి, "సార్, గాడీ ఎక్‌దమ్ ఠీక్ హై" అన్నాడు. బల్లపరుపు ఊళ్లో దాని రోగం ఎలా బయటపడుతుంది? సుజాతకి చెప్పడం నా బుద్ధి తక్కువ. "అదేమిటో తేలేదాకా మీరు కారులో రాకండి. వీలు చూసుకుని నేనే వస్తాను," అంది. ఆవిడకి సెలవు దొరకడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు. ఈ ఒక్కసారికి బతిమాలుకుని బయల్దేరాను.

సాయంత్రం నాలుగింటికి ఆవిడే పరీక్ష పెట్టింది. "పదండి, కోట్‌ద్వార్ దిగి కూరగాయలు తెచ్చుకుందాం. నేనూ చూస్తాను." వాళ్ల నాన్నగారు అరకు ఘాట్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. ఆ పెంపకం ఎక్కడికి పోతుంది? ప్రతి దిగుడు మలుపుకీ ముందే "రెండో గేరండీ" అంటుంది. విసుక్కుంటూనే వేస్తాను. కోట్‌ద్వార్ వచ్చేసింది, బండి ఒక్కసారీ వణకలేదు. "ఏదీ?" అంది. నాకు సిగ్గేసింది.

ఆదివారం తొమ్మిదింటికి ఆవిణ్ని ఆసుపత్రి గేటు దగ్గర దింపాను. "చేరాక ఫోన్ చేయండి" అని లోపలికి నడిచింది. యూనిఫాంలో ఉన్నప్పుడు వెనక్కి తిరిగి చూడదు. అది తెలిసీ కాసేపు ఆగి చూస్తాను. దారిలో రేడియో పెడితే గరగర తప్ప ఏమీ రాలేదు, కట్టేశాను. ఘాట్ మధ్యలోని దుగడ్డా ఊరు ఇంకా రెండు మలుపులుందనగా స్టీరింగ్ మళ్లీ వణికింది. భయం కన్నా ముందు ఏడుపొచ్చింది.

దుగడ్డాలో టీ కొట్టు ముందు ఆపాను. ముందు చక్రాల నుంచి మాడు వాసన. సీసాలో నీళ్లు పోయబోతుంటే కొట్టామె కేకేసింది. "పానీ మత్ డాలో భయ్యా, డిస్క్ ఖరాబ్ హో జాయేగీ." కాలిన బ్రేకు డిస్కు మీద చన్నీళ్లు పోస్తే వంకర పోతుందట. అల్లం టీ ఇస్తూ "అకేలే హో?" అని అడిగింది. ఒంటరిగానే అన్నాను. గేటు దగ్గర నుంచి నేనన్న మొదటి మాట అదే. కోట్‌ద్వార్‌లో బళ్లు బాగుచేసే ఒక పాత మిస్త్రీ ఉన్నాడని ఆమే చెప్పింది.

పన్నెండింటికి మిస్త్రీ దగ్గరున్నాను. ఆ సంగతి సుజాతకి మెసేజ్ పెట్టాను. తెల్ల గడ్డం, తక్కువ మాట.

"స్టీరింగ్ హిల్తా హై యా సీట్?"

వణికేది సీటు కాదు, స్టీరింగే అన్నాను. అయితే ముందు చక్రాలే అని రెండూ విప్పాడు. డిస్కులు చల్లారేదాకా ఆగి, వేలితో తడిమి, కొలిచాడు. వంకర లేదు. వేడికి పడ్డ నీలం మచ్చలు మాత్రం చూపించాడు.

"ఏ గేరులో దిగావు?"

"నాలుగు."

ఢిల్లీ నంబరు బళ్లన్నీ ఇంతేనట. అక్కడి ట్రాఫిక్ జాముల్లో కాలు బ్రేకు మీదే ఉండి ఉండి, ఘాట్‌లో కూడా తీయడం మరిచిపోతామట. తక్కువ గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుందట, లేకపోతే బ్రేకులు కాగి స్టీరింగ్ వణుకుతుందట. నిన్న వణకలేదే అన్నాను.

"కల్ సాథ్ మే కౌన్ థా?"

నిన్న పక్కనున్నది నా భార్య అన్నాను. ఆమె గేరు చెబుతుందనీ అన్నాను. ఆయన నవ్వలేదు. చక్రం బిగిస్తూ, "తో బస్. గాడీ మే కుఛ్ నహీ హై" అన్నాడు. వెళ్లి మళ్లీ దిగి చూసుకోమన్నాడు.

రెండింటికి దుగడ్డా దాకా ఎక్కి వెనక్కి తిరిగాను. మొదటి మలుపు దగ్గర కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. "రెండో గేరండీ" అన్నాను, పైకే. ఖాళీ కారులో నన్ను నేనే అండీ అనుకోవడం నవ్వులాటే. అయినా ప్రతి మలుపుకీ అన్నాను. కోట్‌ద్వార్ దాకా స్టీరింగ్ కదల్లేదు.

ఏడున్నరకి ఢిల్లీ సరిహద్దులో ఘాజీపుర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. కాలు మళ్లీ బ్రేకు మీదే. నేను చేరేదాకా ఆగలేక సుజాతే ఫోన్ చేసింది.

"మిస్త్రీ ఏమన్నాడు?"

"బండిలో ఏమీ లేదన్నాడు. పక్కన మనిషి లేకపోవడమేనట."

ఫోన్‌లో ఆవిడ వెనక వార్డులో ఎవరో దగ్గుతున్నారు.

"అయితే వచ్చే నెల కారులోనే రండి," అంది. "దిగేటప్పుడు ఫోన్ స్పీకర్లో పెట్టుకోండి. నేను చెబుతూ ఉంటాను."

ఆ మలుపుల్లో సిగ్నల్ ఉండదని ఆవిడకీ తెలుసు. అలాగే అన్నాను.