గ్యాసు ట్యూబులో గంధకం

మా ల్యాబ్ అక్క పోయిన ఆదివారం విరుదునగర్‌లో కన్నుమూసింది. ఫోన్ చేసి చెప్పింది ఆమె తమ్ముడు. కోవిల్‌పట్టిలో రబ్బరు ట్యూబులు చేసే చిన్న కంపెనీ ఆయనది.

నాకు పని నేర్పింది అక్కే. రబ్బరు గట్టిపడటానికి గంధకం కలుపుతారు. రబ్బరులో కలవకుండా మిగిలింది ఎక్కువైతే, కొన్నాళ్లకు ట్యూబు పగుళ్లిస్తుంది. ఆ మిగులు ఎంతో చెప్పడమే మా పని. ముక్కలు సన్నగా తరిగి, అసిటోన్‌తో గంటల తరబడి కడిగి, అందులోకి దిగిన గంధకాన్ని తెల్లటి మడ్డిగా మార్చి, వడగట్టి, కాల్చి తూచాలి. నేను తొందరపడితే, "ఏలమా ఆత్రం? తెల్లది అడుక్కి దిగనీ. అంతలో మనం కాఫీ తాగుదాం," అనేది. అందరితో తమిళం మాట్లాడే మనిషి, నాతో మాత్రం ఇంటి తెలుగే. ఒత్తు లేకుండా "గందకం" అనేది.

ఒకసారి తమ్ముడి కంపెనీ ట్యూబే పరీక్షకు వచ్చింది. గ్యాసు పొయ్యికి బిగించేది. గంధకం ఎక్కువని తేలింది. తెలిసి ఆయన పరుగున వచ్చాడు.

"కొంచెం తగ్గించి రాయిక్కా. ఈ ఆర్డరు పోతే నేను నిలబడలేను."

"అది ఎవురింట్లో పగులుతాదో నీకు తెలుసునా?" అంది అక్క.

తన వల్ల పొరపాటు జరిగిందేమోనని, రెండోసారి పరీక్ష నా చేత చేయించింది. తేడా రాలేదు. సంతకం పెట్టింది. ఆర్డరు పోయింది. తమ్ముడు మాటలు మానేశాడు.

తర్వాతి సెలవు రోజున నన్ను వెంటబెట్టుకుని, పిలవకపోయినా కోవిల్‌పట్టి వెళ్లింది. ఆయన నన్ను రమ్మన్నాడు, ఆమెను చూడనట్టే ఉన్నాడు. అక్క నేరుగా గంధకం మూట దగ్గరికి పోయి చెయ్యి పెట్టింది. వానల చెమ్మకు పొడి ఉండలు కట్టి ఉంది.

"ఇది రబ్బరులో సమంగా ఎట్లా కలుస్తాదిరా?"

అక్క కొంగు బిగించి, ఉండలు చిదిపి, ఆరబోసి జల్లెడ పట్టసాగింది. కనుబొమల దాకా పసుపు రంగు పట్టింది. చాలాసేపు చూస్తూ నిలబడ్డ తమ్ముడు చివరికి దగ్గరికొచ్చాడు.

"చాలు, ఇట్లా ఇయ్యిక్కా. నేను చేస్తాను."

ఆ తర్వాత పంపిన ట్యూబు పరీక్షలో నిలిచింది. అప్పటినుంచి ప్రతి శాంపిలూ ఆయనే స్వయంగా తెచ్చేవాడు.

నిన్న కూడా వచ్చాడు, గుండు చేయించుకున్న తలతో. "అక్క లేదు గదా. ఇంక నువ్వే చూడాలమా," అని ట్యూబు ముక్క నా చేతికిచ్చాడు. తరిగి పరీక్షకు పెట్టాను. అసిటోన్ చుక్కచుక్కగా రబ్బరు మీద పడుతోంది. ఇంటికి పొమ్మన్నా పోకుండా, ఆయన బల్ల మీద కూర్చుని ఆ చుక్కల్నే చూస్తూ ఉండిపోయాడు.